ఆఫీసు నడుస్తుండగానే భవనం మరమ్మతులు: టెండరుకు ముందే తేల్చుకోవాల్సినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాలుగంతస్తుల పాత ప్రభుత్వ కార్యాలయం. వైరింగ్, నీళ్ల పైపులు, టాయిలెట్లు, ఏసీ డక్టులు, ఫాల్స్ సీలింగ్ అన్నీ మార్చాలి. సిబ్బంది లోపలే ఉంటారు, కింద జనం వచ్చే కౌంటర్లు పనిదినాల్లో మూయకూడదు. పర్యవేక్షణ మీ మీద పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. టెండరు ఇంకా పిలవలేదని కూడా అన్నారు. మీ అదృష్టమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మనుషులు లోపల ఉండగానే పని జరిగిన ప్రభుత్వ భవనాల్లో శాఖ తరఫున సైటు చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను. గొడవలు సిమెంటు నాణ్యత దగ్గరో టైల్స్ రంగు దగ్గరో పెద్దగా రావు. ఏ గది ఎప్పుడు ఖాళీ చేసి ఇస్తారు, కరెంటు ఎప్పుడు ఆపుకోవచ్చు, చప్పుడు ఏ వేళల్లో చేయొచ్చు, వీటి దగ్గరే వస్తాయి. ‘కాంట్రాక్టరు వచ్చాక కూర్చుని మాట్లాడుకుందాం’ అని వదిలేస్తే ఇక అంతే సంగతులు. అతను పగటి పని లెక్కన రేటు వేసి ఉంటాడు. రాత్రిపూట చేయమంటే అదనం అంటాడు. గది ఇవ్వడం ఆలస్యమైతే ఊరికే కూర్చున్న కూలీల లెక్కా మీ మీదే వేస్తాడు. అలా అడిగే హక్కు అతనికి ఉంటుంది కూడా. అందుకే ఆఫీసు క్యాలెండరు టెండరు పత్రాల్లో భాగంగా వెళ్లాలి. ఏ సెక్షన్‌కి ఏ నెలలో ఊపిరాడదు, విచారణలు ఏ రోజుల్లో ఉంటాయి, గడువు తేదీలప్పుడు కౌంటర్ల దగ్గర రద్దీ ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాటగా అడిగితే ప్రతి సెక్షనూ ‘మాకు ఏడాదంతా బిజీయే’ అంటుంది.

దానికంటే ముందు మీ పైవాళ్లతో ఒక విషయం గట్టిగా మాట్లాడాలి. ఇది నిజంగా లోపల ఉండి చేయించుకోగల పనేనా? స్తంభాలు, దూలాలు, స్లాబుల జోలికి వెళ్లాల్సి వస్తే కాదనే నేనంటాను. వైట్‌హౌస్ లోపలి నిర్మాణం దెబ్బతిందని 1948లో తేలినప్పుడు అధ్యక్షుడు ట్రూమన్ కుటుంబాన్ని వీధికి అవతల ఉన్న బ్లెయిర్ హౌస్‌కు మార్చేశారు. బయటి గోడలు ఉంచి లోపలంతా విప్పేసి, ఉక్కు చట్రం వేసి మళ్లీ కట్టారు. వాళ్లు తిరిగి వచ్చింది 1952లో. దీనికి పూర్తిగా ఎదురు కథ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ప్యాలెస్‌ది. మరమ్మతుల కోసం పార్లమెంటు మొత్తం బయటికి వెళ్లాలని 2018లో సభ్యులు ఓటేశారు. తర్వాత ఆ నిర్ణయాన్ని మళ్లీ తిరగదోడారు. ఈలోగా అతుకుల పనులకు డబ్బు పోతూనే ఉంది. ఉండాలా వెళ్లాలా అన్నది తేల్చకుండా నాన్చడం అన్నిటికంటే ఖరీదైన దారి.

మీ జాబితాలో నిర్మాణాన్ని ముట్టుకునే పని కనిపించలేదు కాబట్టి లోపల ఉండి చేయించుకోవచ్చు. కాకపోతే ముందు, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార లాంటి పదార్థమైన ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించండి. పాత భవనాల్లో అది పైపుల చుట్టూ చుట్టిన పొరలో, సీలింగ్ పలకల్లో, ఫ్లోర్ టైల్స్ కింది జిగురులో కూడా ఉండొచ్చు. ఆ నమూనాలు తీయడం కూడా తెలిసినవాళ్లే చేయాలి. ల్యాబు ఫలితం చేతికి వచ్చేదాకా ఎవరూ సుత్తి పట్టకూడదు. ఉందని తేలితే ఆ భాగం మేరకు మనుషులు బయటికి వెళ్లాల్సిందే, అందులో బేరం లేదు.

ఇక అసలు సంగతి, ఖాళీ చోటు. ఒకరు లేచి వెళ్తేనే అక్కడ పని మొదలవుతుంది. మొదటి సెక్షన్ కూర్చోవడానికి భవనంలోనో పక్కనో తాత్కాలిక చోటు ఉండాలి. కరెంటు, నెట్‌వర్క్, ఫోన్లు అక్కడ ముందే పనిచేస్తూ ఉండాలి. మొదటి సెక్షన్ ఆ చోటికి వెళ్తుంది, దాని పాత చోటు బాగుపడగానే రెండో సెక్షన్ నేరుగా అందులోకి దిగుతుంది, రెండోదాని చోటు బాగయ్యాక మూడోది, చివరి సెక్షన్ చోటు బాగయ్యాక అందులోకి మొదటి సెక్షన్. ఈ లెక్కన రెండుసార్లు సామాను సర్దుకోవాల్సింది మొదటి సెక్షన్ ఒక్కటే. కాబట్టి ఫైళ్లు, బీరువాలు తక్కువగా ఉన్న సెక్షన్‌ని ముందు కదపండి. ఇందులో చిక్కల్లా ఎవరి పాత గది వాళ్లకు తిరిగి రాదు. కిటికీ పక్క సీటు పోతుందంటే ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి కూడా చిన్నపిల్లాడైపోతాడు. సీట్ల ప్లాను మీద ఆఫీసు అధిపతి సంతకం పని మొదలవకముందే తీసుకోండి. తాత్కాలిక చోటు గురించీ అదే ఉత్తర్వులో రాయించండి. ‘ఈ హాలు బావుంది, మేం ఇక్కడే ఉండిపోతాం’ అనే సెక్షన్ ఒకటి తప్పకుండా తయారవుతుంది. ఆ చోటు ఒకసారి చేజారితే పని మొత్తం అక్కడే ఆగుతుంది.

భవనాన్ని విడతలుగా విడదీసేటప్పుడు అందరికీ ముందు తట్టేది అంతస్తుల లెక్కే. సిబ్బంది అంతస్తుల వారీగా కూర్చుంటారు కాబట్టి అది సహజమే. కానీ పైపులు, కేబుళ్లు నిలువుగా నడుస్తాయి. రెండో అంతస్తులో డ్రైనేజీ పైపు కోస్తే పైన ఉన్న టాయిలెట్లన్నీ ఆ క్షణమే బంద్. అమెరికా రక్షణ శాఖ కార్యాలయమైన పెంటగాన్‌ని 1990ల నుంచి 2011 దాకా బాగుచేసినప్పుడు భవనాన్ని అడుగు నుంచి పైదాకా ఐదు నిలువు ముక్కలుగా చేసుకుని, ఒక్కో ముక్కను ఖాళీ చేయించి పని చేశారు. మీది చిన్న భవనం, అంత వెసులుబాటు ఉండకపోవచ్చు. కనీసం నిలువు లైన్లను మొదటి విడతలోనే తేల్చేయండి. పాత షాఫ్టు (పైపులు, కేబుళ్లు నిలువుగా వెళ్లే దారి) పక్కనే కొత్త పైపు, కొత్త మెయిన్ కేబులు అన్ని అంతస్తులకూ వేసి, పాతవి నడుస్తూ ఉండగానే పరీక్షించి, తర్వాత ఒక్కో అంతస్తును కొత్త లైను మీదికి మార్చుకుంటూ వెళ్లొచ్చు. కొన్నాళ్లు రెండు లైన్లూ ఉంటాయి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో కనపడగానే ఎవరో ఒకరు కొట్టేయమంటారు, ఒప్పుకోకండి.

పాత డ్రాయింగులను నమ్మొద్దు. భవనంలో ఎన్నోసార్లు ఎవరెవరో వైర్లు లాగి ఉంటారు, అవేవీ కాగితం మీదికి ఎక్కవు. మేం చేసిన పద్ధతి మొరటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. సెలవురోజు కంప్యూటర్లన్నీ పద్ధతిగా ఆపించి, ఒక ఎలక్ట్రీషియన్ ప్యానెల్ బోర్డు దగ్గర ఫోను పట్టుకుని నిలబడతాడు, ఇద్దరు మనుషులు అంతస్తుల్లో తిరుగుతుంటారు. ఒక్కో బ్రేకర్ దించడం, ఎక్కడ ఏది ఆరిందో అరవడం, ఆ బ్రేకర్ మీద చీటీ అంటించడం. ‘స్పేర్’ అని రాసి ఉన్న ఒక బ్రేకర్ దించితే పై అంతస్తు సర్వర్ రూమ్‌లో ఏసీ ఆగింది. అది పనిదినం మధ్యాహ్నం పూట తెలిసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. అగ్నిమాపక పంపు, అలారం, లిఫ్టు, సీసీ కెమెరాలు ఏ లైను మీద ఉన్నాయో విడిగా రాసుకోండి.

కరెంటుగానీ నీళ్లుగానీ ఆపాల్సిన ప్రతిసారీ ఒక పేజీ కాగితం ఉండాలి: ఏం ఆపుతున్నారు, ఎవరికి ఇబ్బంది, ఎన్ని గంటలకు తిరిగి ఇస్తారు, ఇవ్వలేకపోతే ప్రత్యామ్నాయం ఏంటి. దాంతోపాటు వెనక్కి తగ్గే సమయం ఒకటి రాయించండి. ఫలానా గంటకి ఫలానా దశ దాటకపోతే కొత్తది వదిలేసి పాత కనెక్షన్ ఇచ్చేయాలి. కాంట్రాక్టరు ‘ఇంకో అరగంట సార్’ అంటూనే ఉంటాడు, తెల్లారిపోతుంది. వారాంతపు షట్‌డౌన్ అయితే ఆదివారం సాయంత్రానికే కంప్యూటర్లు, కౌంటర్లలో ప్రింటర్లు అన్నీ ఆన్ చేయించి చూడండి. సోమవారం ఉదయం క్యూ ముందు నిలబడి పరీక్షించొద్దు.

దుమ్ము గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు, కానీ ఫిర్యాదుల్లో ఎక్కువ దాని మీదే వస్తాయి. పని జరిగే భాగానికి అడ్డుగా కట్టే పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దాకా కట్టి ఊరుకుంటారు. సీలింగ్ పైన ఖాళీలోంచి దుమ్ము హాయిగా పక్క హాల్లోకి వెళ్తుంది. పార్టిషన్ పై స్లాబును తాకాలి, అంచులు టేపుతో మూయాలి, ఏసీ గాలి వెనక్కి తీసుకునే జాలీలు మూసేయాలి. లోపలి గాలిని లాగి హెపా ఫిల్టరు గుండా బయటికి వదిలే యంత్రం పెడితే ఆ భాగంలో ఒత్తిడి తగ్గి, గాలి ఎప్పుడూ ఆఫీసు వైపు నుంచి లోపలికే పోతుంది. హెపా అంటే 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేది, పేరుకి ఏదో ఫిల్టరు కాదు. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. టిష్యూ పేపరు ముక్క ఒకటి తలుపు సందు దగ్గర వేలాడదీయండి. పని భాగం వైపు వంగితే సరే. నిటారుగా వేలాడినా, మీ వైపు ఊగినా పని ఆపించండి. కాంక్రీటు, టైల్స్ నీళ్లు పోస్తూ కోయించండి. ఆ పొడిలో ఉండే స్ఫటిక సిలికాను క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే వర్గీకరించింది. అది ముందు పోయేది కూలీల ఊపిరితిత్తుల్లోకే.

చప్పుడుకి అంతస్తుల తేడా ఉండదు. కింద కాంక్రీటు పగలగొట్టే యంత్రం పెట్టి కొడితే ఆ మోత స్లాబుల గుండా పైదాకా పాకుతుంది. రంధ్రాలకు డైమండ్ కోర్ కటింగ్ (కొట్టకుండా, వజ్రపు అంచున్న గొట్టాన్ని తిప్పి కోసే పద్ధతి) వాడమని టెండరులోనే రాయండి, పగలగొట్టే పని ఆఫీసు తెరవకముందు గంటలకు పరిమితం చేయండి.

నిప్పు విషయంలో మాత్రం చాదస్తంగా ఉండండి. పారిస్‌లో నోట్రడామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న, కోపెన్‌హాగన్‌లో పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం 2024 ఏప్రిల్ 16న తగలబడ్డాయి. రెండింట్లోనూ అప్పటికి మరమ్మతులు జరుగుతున్నాయి. మామూలు ఆఫీసులో ప్రమాదం ఇలా మొదలవుతుంది: దుమ్ముకి అలారం మోగుతోందని పొగ డిటెక్టరుకి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు, సాయంత్రం తీయడం మర్చిపోతారు. పొద్దున తొడిగినవి ఎన్ని, సాయంత్రం తీసినవి ఎన్ని అని ఒక మనిషి సంతకం పెట్టే రిజిస్టరు ఉండాలి. వెల్డింగ్, గ్యాస్ కటింగ్ లాంటి పనులకు ఏరోజుకారోజు అనుమతి కాగితం ఇవ్వండి, పని ఆపాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. ఒక మెట్ల దారి మూస్తున్నారంటే, మిగిలిన దారుల్లో మొత్తం జనం బయటపడగలరో లేదో ముందు అగ్నిమాపక అధికారులతో చూపించుకోవాలి. మూసిన మరునాడే కొత్త దారిలో డ్రిల్ చేయించండి.

కూలీల దారి, జనం దారి ఎక్కడా కలవకూడదు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ర్యాంపు, టాయిలెట్ ఏ విడతలోనూ మాయమవకూడదు. రికార్డు రూమ్‌లోకి కాంట్రాక్టరు మనుషులు వెళ్తే ఆ సెక్షన్ ఉద్యోగి ఒకరు వెంట ఉండాలి. ఫైళ్ల పెట్టెలకు నంబర్లు వేసి, ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు సంతకాలు చేయాలి. రేపు ఒక ఫైలు కనపడకపోతే నింద మరమ్మతుల మీద పడుతుంది.

చివరగా మీ గురించి. కాంట్రాక్టరుకి పని చెప్పే నోరు ఒక్కటే ఉండాలి. పెద్దాయన ఒకరు కారిడార్‌లో వెళ్తూ మేస్త్రీని పిలిచి ‘ఆ పార్టిషన్ కాస్త ఇటు జరుపు’ అంటారు. మేస్త్రీ జరిపేస్తాడు, బిల్లులో అది ఎక్కుతుంది, ఆడిట్‌లో ప్రశ్న మీకు వస్తుంది. రాతపూర్వక ఉత్తర్వు లేని మార్పుకి చెల్లింపు ఉండదని ఒప్పందంలో రాయించి, ఆ క్లాజు కాపీ ఆ పెద్దాయనకే ముందు పంపండి. మర్యాదగానే. సిబ్బందికి వారానికో నోటీసు చాలు, వచ్చే వారం ఏ రోజు ఏం వినపడుతుంది, ఏ తలుపు మూస్తారు అని. వాట్సాప్ గ్రూపు పెడితే రోజంతా దానికే సరిపోతుంది, నేనైతే పెట్టను.

మీ భవనంలో నిలువు షాఫ్టులు ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి, తాత్కాలికంగా ఎంతమంది కూర్చునే చోటు దొరుకుతుంది, ఈ రెండూ కింద రాయండి. ఎన్ని విడతలుగా విడదీయొచ్చో, ఏది ముందు మొదలుపెట్టాలో చూసి చెబుతాను.