ఎస్3 (అమెజాన్ ఫైలు స్టోరేజీ) బకెట్‌లోని ఫైలు పోస్ట్‌మ్యాన్‌లో (సర్వర్‌ని నేరుగా అడిగి చూసే టూల్) వస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం కార్స్ ఎర్రర్. ఆరిజిన్ (అడిగే సైటు అడ్రస్) దగ్గర ఎవరికైనా ఇవ్వొచ్చని స్టార్ పెట్టేస్తే సరిపోతుందా?

స్టార్ పెట్టేసి చేతులు దులుపుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెప్తున్నా, సరిపోదు. పోస్ట్‌మ్యాన్‌లో వస్తే కార్స్ బాగున్నట్టు కాదు, అది కార్స్‌ని పట్టించుకోనే పట్టించుకోదు. కార్స్ అంటే ఒక సైటు ఇంకో సర్వర్‌లోని ఫైలు చదవొచ్చో లేదో చెప్పే నియమం, దాన్ని చూసి అడ్డుపడేది బ్రౌజర్. సర్వర్ ఫైలు పంపినా, ఫలానా సైటుకి ఇవ్వొచ్చు అనే హెడర్ (జవాబు వెంట వచ్చే చిన్న చీటీ లాంటిది) దాంతోపాటు రాకపోతే మీ జావాస్క్రిప్ట్‌ని దాని మీద చెయ్యి వెయ్యనివ్వదు.

విజయవాడలో ఒక ఫొటో స్టూడియోకి పెళ్లి ఆల్బమ్ సైటు చేశాను. ఫొటోలన్నీ ఎస్3 బకెట్‌లో, ఒకటి నొక్కితే కాన్వాస్‌లో (పేజీలో జావాస్క్రిప్ట్‌తో బొమ్మని మార్చే చోటు) తెరుచుకుంటుంది, కావలసినంత క్రాప్ చేసుకోవచ్చు. ఒకరోజు సాయంత్రం స్టూడియో ఆయన ఫోన్ చేసి "బాబూ, ఫొటో కనబడుతోంది గానీ క్రాప్ నొక్కితే తెల్ల కాగితం వస్తోంది" అన్నారు. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. "ఒకసారి రిఫ్రెష్ కొట్టండి సార్" అని, ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసి, కూర్చుని బకెట్ కార్స్ పాలసీ ఓ పదిసార్లు మార్చాను, చివరికి స్టార్ కూడా పెట్టాను. రాత్రి రెండింటికి నిద్రమత్తులో బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ మూసేశాను, అంతే, నాకూ తెల్ల కాగితమే! తెరిస్తే పనిచేస్తుంది, మూస్తే పనిచేయదు. అందులో డిజేబుల్ కాష్ (దాచుకున్న పాత కాపీలు వాడొద్దని బ్రౌజర్‌కి చెప్పేది) దగ్గర ఎప్పుడో పెట్టిన టిక్కు అలాగే ఉంది.

జరిగిందేంటంటే, పేజీలో మామూలు ఇమేజ్ ట్యాగ్ ఫొటో అడిగినప్పుడు ఆరిజిన్ హెడర్ పంపదు, ఆరిజిన్ లేకపోతే ఎస్3 కూడా కార్స్ హెడర్లు పంపదు. ఆ జవాబునే బ్రౌజర్ కాష్‌లో దాచుకుని తర్వాత కాన్వాస్ అడిగితే అదే తీసి ఇచ్చి, హెడర్ లేదని మళ్లీ తనే ఆపేస్తుంది. అందుకే ఇమేజ్ ట్యాగ్ కూడా ఆరిజిన్ పంపేలా క్రాస్ఆరిజిన్ అనానిమస్ అని పెట్టాను, పాత కాష్ ఉన్నవాళ్లకి బ్రౌజర్ కొత్త ఫైలనుకుని మళ్లీ తెచ్చేలా ఫొటో అడ్రస్ చివర వీ=2 తగిలించాను. బకెట్‌లో మార్చాల్సింది ఏమీ లేదు, పెట్టిన స్టార్ తీసేయడం తప్ప.

బ్రౌజర్‌లో కార్స్ ఆపేసే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, పోతుంది అని సలహా ఇచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పోయేది మీ ఒక్కరి బ్రౌజర్‌లో, కస్టమర్‌కి ఎవరు వేస్తారు? జావాస్క్రిప్ట్ ఫెచ్‌లో నో-కార్స్ మోడ్ పెట్టమనేవాళ్లు ఇంకో రకం, ఎర్రర్ పోతుంది, దాంతోపాటు డేటా కూడా. పాత బ్లాగుల్లోంచి ఎక్స్ఎంఎల్‌లో రాసిన కార్స్ పాలసీ కాపీ కొట్టకండి, ఎస్3 కన్సోల్ ఇప్పుడు జేసన్ మాత్రమే తీసుకుంటుంది. పాలసీలో ఆరిజిన్ చివర స్లాష్ పెట్టినా మ్యాచ్ అవ్వదు, పోర్ట్ నంబర్ వేరైతే అది వేరే ఆరిజినే. అనుమతించే మెథడ్స్‌లో (గెట్, పుట్ లాంటివి) ఆప్షన్స్ అనే మెథడ్ రాస్తే ఎస్3 ఒప్పుకోదు, రాయాల్సిన అవసరమూ లేదు.

ముందు డిజేబుల్ కాష్ టిక్కు తీసేసి, ఇన్‌కాగ్నిటోలో నేరుగా క్రాప్ లాంటి పేజీకే వెళ్లి చూడండి. అక్కడ పనిచేస్తే మీదీ నా కథే.