టెక్ సందేహాలు: ఇంటిపేరు కలిసింది సరే, మనిషి కలిశాడా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత ఫొటోల గురించే. అందులోనూ అందరి తంటా ఒకటే: ఇంటిపేరు. ఒకే ఇంటిపేరున్న మనుషులు, వారి చిత్రాలు, వాటిని కలిపీ విడదీసీ మనల్ని తికమక పెట్టే సాఫ్ట్‌వేర్లు. అందుకే మొబైల్ బ్యాటరీ ప్రశ్నలను వచ్చేసారికి వాయిదా వేసి, వీటినే ముందు వేసుకున్నాను.

ప్రశ్న: మా ఇంటిపేరే ఉన్న ఒక చారిత్రక వ్యక్తి చిత్రం నెట్‌లో దొరికింది. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (బొమ్మనే ఇచ్చి అలాంటి బొమ్మలను వెతకడం) చేస్తే నలభై చోట్ల అదే పేరుతో కనిపించింది. ఇక నిశ్చింతగా మా వంశవృక్షంలో పెట్టుకోవచ్చా?

జవాబు: ఆగండి. నలభై చోట్ల కనిపించినంత మాత్రాన అవి నలభై సాక్ష్యాలు కావు. మొదట ఒకరు పెట్టిన దాన్ని మిగతా ముప్పై తొమ్మిది మంది దించుకుని ఉండవచ్చు.

దీనికి లెజాండ్ర్ కథను మించిన ఉదాహరణ లేదు. ఆడ్రియన్ మారీ లెజాండ్ర్ ఫ్రెంచి గణిత మేధావి. కనిష్ఠ వర్గాల పద్ధతిని (కొలతల్లోని తేడాలను సర్దే లెక్కల పద్ధతి) 1805లో తొలిసారి అచ్చులో పెట్టినవాడు. ఐఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయనదీ ఒకటి. పుస్తకాల్లో, వ్యాసాల్లో, ఆ తర్వాత వెబ్‌సైట్లలో ఆయన బొమ్మగా ఒక పక్కచూపు రేఖాచిత్రం దశాబ్దాల తరబడి చలామణీ అయింది. 2005లో గుట్టు బయటపడింది. ఆ ముఖం గణితవేత్తది కానే కాదు. ఫ్రెంచి విప్లవ కాలపు రాజకీయ నాయకుడు లూయీ లెజాండ్ర్‌ది. ఆయన వృత్తి మాంసం కొట్టడం. బాస్టీల్ కోట ముట్టడిలోనూ ఉన్నాడు. ఇద్దరికీ బంధుత్వం లేదు, పుట్టిన సంవత్సరం మాత్రం ఒకటే, 1752. పొరపాటు ఎలా జరిగింది? చిత్రం కింద ఒట్టి ‘లెజాండ్ర్’ అని ఉంది, అంతే. పైగా ఒక పుస్తకంలో అది లగ్రాంజ్ వంటి గణితవేత్తల సరసన చేరింది. ఇంకేం, పక్కన కూర్చున్నవారిని బట్టి ఈయనా గణితవేత్తే అనుకున్నారు.

అసలు గణితవేత్త ముఖం 2008లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. జూలియన్ లెయొపోల్ బోయీ 1820లో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ సభ్యులు 73 మందికి వేసిన నీటిరంగుల వ్యంగ్యచిత్రాల సంపుటిలో లెజాండ్ర్ ఉన్నాడు, పక్కనే మరో గణితవేత్త ఫోరియర్. ఆయనదని మనకు తెలిసిన చిత్రం ఆ ఒక్కటే. అదీ కార్టూను! నున్నగా, గంభీరంగా ఉన్న ఆ పరాయి ముఖాన్ని జనం ఇన్నాళ్లు ఎందుకు వదల్లేదో ఈ కార్టూను చూస్తే అర్థమవుతుంది.

ఇప్పుడు మీ రివర్స్ ఇమేజ్ సెర్చ్ సంగతి. అది బొమ్మలోని ఆకారాలను, వెలుగునీడలను అంకెలుగా మార్చి, అలాంటి అంకెలే ఉన్న ఇతర బొమ్మలను ఏరి తెస్తుంది. పేరు ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ బొమ్మ చుట్టూ ఉన్న రాతలో నుంచి. అంటే దానికి బొమ్మ తెలుసు గాని మనిషి తెలియదు. 2005కు ముందే ఈ సౌకర్యం ఉండి, లెజాండ్ర్ బొమ్మతో వెతికి ఉంటే వచ్చిన ఫలితాలన్నీ ముక్తకంఠంతో తప్పే చెప్పేవి.

కాబట్టి లెక్కపెట్టడం మాని వెనక్కి నడవండి. బొమ్మలతో వెతికే టిన్‌ఐ అనే సైటులో ఫలితాలను పాతవాటి వరసలో పేర్చుకునే వీలుంది. (ఆ తేదీ ఆ సాఫ్ట్‌వేర్ కంట పడిన రోజే గాని చిత్రం పుట్టిన రోజు కాదు.) అక్కడి నుంచి అసలు ప్రతి ఏ గ్రంథాలయంలో, ఏ మ్యూజియంలో ఉందో పట్టుకోండి. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఫ్రాన్స్‌లో జాతీయ గ్రంథాలయం వారి గాలికా వంటి చోట్ల చిత్రంతో పాటు దాని వివరాల పేజీ కూడా ఉంటుంది. ఆ పేజీలో పూర్తి పేరు ఉందా, లేక ఇంటిపేరు ఒక్కటేనా అన్నది చూడండి. ఇంటిపేరు ఒక్కటే ఉంటే మీ వంశవృక్షంలో ఆ గడిని ఖాళీగా ఉంచండి. పరాయివాడి ముఖం కన్నా ఖాళీ గడి నయం.

ప్రశ్న: ఒకే ఇంటిపేరున్న చారిత్రక వ్యక్తులందరి చిత్రాలనూ ఒకచోట చేర్చాలని నా సరదా. ఇంగ్లిషు స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కోలా ఉంది. అన్నీ ఒక్క వెతుకులాటలో రావా?

జవాబు: ఈ చిక్కు మీకన్నా వందేళ్ల ముందే ఒకాయనకు ఎదురైంది. రాబర్ట్ రసెల్ అనే ఆయన 1918లో పేటెంటు పొందిన పద్ధతి ఆధారంగా వచ్చిందే సౌండెక్స్. ఇంటిపేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులను వదిలేసి, దగ్గరి ధ్వనులున్న హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. స్మిత్‌ను ఐతో రాసినా వైతో రాసినా ‘ఎస్530’ వస్తుంది. జర్మన్ల ష్మిట్‌కూ అదే సంకేతం! అమెరికాలో పాత జనాభా లెక్కలకు 1930లలో ఈ పద్ధతిలోనే సూచికలు తయారుచేశారు. ఇప్పటికీ చాలా వంశవృక్ష సైట్లలో ‘ఉచ్చారణ దగ్గరగా ఉన్నవి’ అనే ఎంపిక వెనక ఇదో, దీని పిల్లలో ఉంటాయి.

లోపాలూ ఉన్నాయి. మొదటి అక్షరాన్ని ముట్టుకోదు కాబట్టి కార్ల్‌సన్‌ను సీతో రాస్తే ఒక పెట్టెలో, కేతో రాస్తే మరో పెట్టెలో పడతాడు. ఇంగ్లిషు చెవి కోసం చేసినది కాబట్టి మిగతా భాషల పేర్లకు అంతంత మాత్రమే. అందుకని స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని విడివిడిగా వెతకడం ఇప్పటికీ తప్పదు.

మీ సరదాకు అసలైన గని వికీడేటా, అంటే వికీపీడియాకు తోడుగా ఉన్న సమాచార నిల్వ. 2012 నుంచి నడుస్తున్న ఈ భాండాగారంలో ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఉంటుంది. రచయిత డగ్లస్ ఆడమ్స్ ‘క్యూ42’. ఇంటిపేరుకు ‘పి734’ అనే గడి, చిత్రానికి ‘పి18’ అనే గడి ఉన్నాయి. ఈ రెండూ నిండినవారిని చూపమని ప్రశ్న రాస్తే, ఆ ఇంటిపేరున్నవారు ముఖాలతో సహా వరసగా వస్తారు. ప్రశ్న రాసే భాష పేరు స్పార్కల్. భయపడకండి, అక్కడే తయారుగా ఉన్న నమూనాల్లో ఒకటి తీసుకుని ఇంటిపేరు సంఖ్య మార్చితే చాలు.

వచ్చిన జాబితాను చూసి అందరూ చుట్టాలని మాత్రం మురిసిపోవద్దు. ఇంటిపేరు కలిస్తే బంధుత్వం కలిసినట్టు కాదు. ఆ సంఖ్య ఉన్నదే ఒకే పేరున్న ఇద్దరినీ వేరుగా ఉంచడానికి. మీ సేకరణలోనూ ప్రతి ఫొటో పక్కన పేరుతో పాటు ఆ సంఖ్య రాసుకోండి.

తేదీలు కూడా మంచి జల్లెడ. ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగెర్ పద్ధతి లోకానికి తెలిసింది 1839లో. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ 1826లోనే పోయాడు. ఆయన ‘ఫొటో’ అని ఎవరైనా పంపితే అది పెయింటింగుకు తీసిన ఫొటో కావాలి, లేదా కొడుకు జాన్ క్విన్సీ ఆడమ్స్‌ది కావాలి. కొడుకు 1843లో నిజంగానే కెమెరా ముందు కూర్చున్నాడు. ఫొటోగ్రఫీ పుట్టింట్లోనే ఇలాంటి తికమక ఉంది. కిటికీలో నుంచి కనిపించే దృశ్యాన్ని 1826-27 ప్రాంతంలో పట్టి నిలిపిన నీసెఫోర్ నీప్స్ ఒకరు. 1847లో గుడ్డు తెల్లసొన పూసిన గాజు పలకల మీద ఫొటోలు తీసే పద్ధతిని ప్రకటించిన నీప్స్ ద సాంవిక్టర్ మరొకరు. ఇద్దరూ బంధువులే. మొదటాయన 1833లో పోయారని గుర్తుంచుకుంటే ఎవరిది ఏదో సగం తేలిపోతుంది.

ప్రశ్న: మూడు వందల పాత ఫొటోలు స్కాన్ చేసి, ఒక ప్రోగ్రాంలో ఒక్కొక్క ముఖానికీ పేరు పెట్టాను. కొత్త కంప్యూటర్‌లోకి మార్చగానే ఫొటోలు వచ్చాయి, పేర్లు రాలేదు. రెండు నెలల శ్రమ గంగలో కలిసినట్టేనా?

జవాబు: పాత కంప్యూటర్ ఇంకా బతికే ఉంటే కలిసినట్టు కాదు. దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.

జరిగింది ఇది. చాలా ప్రోగ్రాంలు మీరు పెట్టిన పేర్లను ఫొటో ఫైల్లో రాయవు. తమ సొంత ఖాతా పుస్తకంలో, అంటే డేటాబేస్‌లో, రాసుకుంటాయి. మీరు ఫొటోలను మోసుకొచ్చారు, ఖాతా పుస్తకం అక్కడే ఉండిపోయింది. పాత కంప్యూటర్‌లో ఆ ప్రోగ్రాం తెరిచి, సెట్టింగులలో ‘మెటాడేటాను (ఫొటో గురించిన వివరాలను) ఫైల్లో రాయి’ అనే అర్థం వచ్చే ఎంపిక ఉందేమో చూడండి. డిజికామ్ వంటి ఉచిత ప్రోగ్రాంలలో ఉంది. అది నొక్కాక ఫొటోలను మళ్లీ మోసుకురండి. ముందుగా ఒక్క ఫొటోతో పరీక్షించండి, మూడు వందలతో కాదు.

ఇక్కడ కాస్త లోపలికి వెళ్దాం, ఎందుకంటే తెలుగులో పేర్లు రాసేవారికి ఇది బాగా పనికొస్తుంది. ఫొటో ఫైల్లో రాతకు మూడు అరలు ఉంటాయి. ఎక్సిఫ్ అర కెమెరాది. తేదీ, లెన్సు వంటివి అందులో ఉంటాయి. రెండోది పత్రికల వారి కోసం పుట్టిన పాత ఐపీటీసీ అర. మూడోది ఆ తర్వాత వచ్చిన ఎక్స్‌ఎంపీ. పాత ఐపీటీసీలో ఫొటో తీసినవారి పేరుకు కేటాయించిన చోటు 32 బైట్లు. యూనికోడ్‌లో మామూలుగా వాడే యూటీఎఫ్-8 రూపంలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, దాని గుణింతానికి విడిగా మరో మూడు. అంటే పదింటితో సరి. ఇంటిపేరు పూర్తయ్యేలోపే చోటు అయిపోతుంది. పైగా కొన్ని ప్రోగ్రాంలు ఆ అరలో తెలుగు చూసి ప్రశ్నార్థకాలు పెడతాయి. కాబట్టి తెలుగులో రాసేది ఏదైనా ఎక్స్‌ఎంపీలోనే రాయండి. చిత్రంలోని వ్యక్తుల పేర్లకు అందులో ప్రత్యేకమైన గడి ఉంది. ఏ అరలో ఏముందో కళ్లారా చూడాలంటే ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత పరికరం ఉంది. నల్ల తెర మీద ఆదేశాలు కొట్టాలి గాని, నా మటుకు నాకు అంత నిజాయతీ గల సాఫ్ట్‌వేర్ మరొకటి తగల్లేదు.

ఇంత చేసి వాట్సాప్‌లో ఫొటోగా పంపారనుకోండి, ఆ రాతంతా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉంటుంది.

స్కానింగ్ గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయండి. వెనక పెన్సిలుతో ‘అన్నయ్య’ అని రాసి ఉంటుంది. ఎవరి అన్నయ్య? ఆ చేతిరాత ఎవరిదో తేలితే తప్ప తెలియదు. మీరు దాన్ని ‘అన్నయ్య’ అని టైపు చేసి ఊరుకుంటే చేతిరాత పోయింది, ఆధారమూ పోయింది. నేను ఒకప్పుడు అదే పని చేసి, ఆ తర్వాత ఆల్బం కోసం చుట్టాలందరి చుట్టూ తిరిగాను. ముందువైపుకు, వెనకవైపుకు ఒకే సంఖ్య ఇచ్చి చివర ‘ము’, ‘వె’ అని చేర్చండి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ఫొటో 2400, 3600 పిక్సెళ్ల కొలతలో వస్తుంది. నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో, కుదించకుండా దాస్తే ఒక్కొక్కటి సుమారు 26 మెగాబైట్లు. పంచుకోవడానికి జేపెగ్ ప్రతి విడిగా చేసుకోండి.

ప్రశ్న: ముఖాలను గుర్తుపట్టే యాప్ మా తాతగారినీ, నాన్ననూ, నన్నూ ఒకే మనిషిగా చూపిస్తోంది. చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. మీ పోలికలు అంత గట్టివి! ముఖంలోని దూరాలు, ఆకారాలు దగ్గరగా ఉంటే అది ఒక గుంపులో వేస్తుంది. పాత ఫొటోల్లో ముఖం చిన్నది, మసకది కాబట్టి తేడాలు ఇంకా తగ్గిపోతాయి. గుంపును విడదీసే ఎంపిక ఉంటుంది, వాడండి. ‘ఇది ఫలానావారేనా?’ అని అడిగినప్పుడు ఒకే ఇంటిపేరు వారి ఆల్బంలో మనం చటుక్కున అవునంటాం. కాదేమో అనిపించినచోట కాదనే నొక్కండి.

ప్రశ్న: ఏఐతో నలుపు తెలుపు ఫొటోకు రంగులద్దాను, మసక ముఖం స్పష్టమైంది. ఇప్పుడు పోలిక చూసి ఎవరో చెప్పవచ్చా?

జవాబు: చెప్పకూడదు. అది స్పష్టం చేయలేదు, ఊహించి గీసింది. ఆ కనురెప్పలు మీ తాతగారివి కావు, శిక్షణలో చూసిన లక్షల ముఖాల సగటు. గోడకు తగిలించుకోండి, పోలికకు మాత్రం అసలు స్కానే చూడండి. ఏఐ ప్రతి ఫైలు పేరులో ఆ మాట చేర్చండి.

ప్రశ్న: ఫొటోలో ఉన్నది మా పెదనాన్న, తీసింది మా నాన్న. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. యాప్‌లో ‘పేరు’ అని ఒక్క గడే ఉంది. ఎవరిది రాయాలి?

జవాబు: ఆ యాప్ మార్చండి. తీసినవారికి ఒక గడి, ఉన్నవారికి ఒక గడి, కెమెరా సొంతదారు ఎవరో కూడా తెలిస్తే వివరణలో ఒక ముక్క. అతి అనిపిస్తుందేమో గాని, 1903 డిసెంబరు 17 నాటి రైట్ సోదరుల తొలి విమాన ఫొటో చూడండి. విమానం మీద ఆర్విల్ రైట్, పక్కన పరుగెత్తుతున్నది విల్బర్ రైట్, స్టాండు మీద అమర్చి ఉంచిన కెమెరా ఆర్విల్‌ది. మీట నొక్కింది మాత్రం ఏ రైటూ కాదు. ఆ సమయానికి అక్కడ ఉన్న సముద్రతీర ప్రాణరక్షక కేంద్రం మనిషి జాన్ డేనియల్స్. ఎవరో విడిగా రాసిపెట్టారు కాబట్టే ఆయన పేరు నిలిచింది.