కణాలు చనిపోతే వైరస్ దొరికినట్టేనా?

ప్రశ్న: పెంపకం చేపలు చనిపోతుంటే మూత్రపిండం, ప్లీహం, కాలేయం కలిపి నూరి, ఆ ద్రవాన్ని ల్యాబ్‌లో పెంచిన చేప కణాల పొర మీద వేశాం. మర్నాటికే కణాలన్నీ ఊడిపోయాయి. వైరస్ అనుకోవచ్చా?

జవాబు: అప్పుడే అనుకోవద్దు. 24 గంటల్లోపే పొర మొత్తం ఊడితే ముందు అనుమానించాల్సింది నమూనానే. కాలేయంలోని ఎంజైములు, పగిలిన పిత్తాశయం నుంచి కారిన పిత్తరసం, చచ్చి చాలాసేపైన చేప కణజాలం, ఇవన్నీ కణాలను చంపుతాయి. మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మబ్బుగా ఉంటే బ్యాక్టీరియా చేరినట్టు. వైరస్ దెబ్బ సాధారణంగా అక్కడక్కడా మచ్చల్లా మొదలై రోజుల తరబడి పాకుతుంది.

నమూనాను ఐస్ మీద తేవాలి, గడ్డకట్టించకూడదు. ఒక గ్రాము కణజాలానికి 9 మి.లీ. మీడియం చొప్పున చల్లగా ఉంచి నూరండి. 4 డిగ్రీల దగ్గర 2,000–4,000 జి (గురుత్వాకర్షణకు అన్ని రెట్లు) బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని యాంటీబయాటిక్స్‌తో రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచండి. లేదంటే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టండి; ముందుగా సీరం కలిపిన మీడియంతో ఫిల్టర్‌ను తడిపితే ఫిల్టర్‌కు అంటుకుపోయే వైరస్ తగ్గుతుంది.

తర్వాత 1:100, 1:1000 రెండు పలుచనల్లోనూ, ఒక రోజు వయసున్న పొర మీద వేయండి. విషప్రభావమైతే 1:1000లో చాలావరకు కనబడదు. వైరస్ అయితే అక్కడా, ఆలస్యంగానైనా, పాకుతుంది. చిక్కటి నమూనా ఒక్కటే వేయడం ఇంకో రకంగానూ నష్టమే: వైరస్ మరీ ఎక్కువైతే దాని లోపభూయిష్ట రేణువులే అసలు వైరస్ వృద్ధిని అడ్డుకోవచ్చు. ఇప్పుడు పొర ఊడిన బావుల (కణాలు పెంచే ప్లేటులోని గుంటల) ద్రవాన్ని పారేయకండి, పలుచన చేసి తాజా పొర మీద వేసి చూడండి. నమూనా వేయని బావులు పక్కన లేకపోతే ఈ ఫలితాలేవీ నమ్మదగినవి కావు.

ప్రశ్న: పది రోజులైనా కణాలకు ఏమీ కాలేదు. వైరస్ లేనట్టేనా?

జవాబు: ఆ ద్రవాన్ని కొత్త పొర మీదికి మార్చి మరో 7–10 రోజులు చూడాలి. సెల్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాల రకం), ఉష్ణోగ్రత కూడా సరిపోవాలి. టిలాపియా లేక్ వైరస్‌కు ఇ-11 కణాలు, 25 డిగ్రీలు. ట్రౌట్, సాల్మన్‌లలోని ఐ.పి.ఎన్. (క్లోమాన్ని దెబ్బతీసే అంటువ్యాధి) వైరస్‌కు సి.హెచ్.ఎస్.ఇ-214 కణాలు, 15 డిగ్రీలు. కోయ్ హెర్పిస్ వైరస్ కల్చర్‌లో పెంచడం కష్టం, దానికి పీసీఆర్‌నే నమ్ముకోండి. ఇ-11లో ఒక రెట్రోవైరస్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రేణువులు కనబడినంత మాత్రాన అది మీ చేప నుంచి వచ్చిందని రాయకండి. కణాలు దెబ్బతిన్నా సరే, వైరస్ పేరు పీసీఆర్‌తోనో యాంటీబాడీ పరీక్షతోనో తేలాకే నివేదికలో పెట్టండి.