మినియాపోలిస్ చలికి పాత బీఎండబ్ల్యూని ఎలా సిద్ధం చేసుకోవాలి?

వెనక చక్రాలతో నడిచే పదేళ్ల నాటి బీఎండబ్ల్యూ 3 సిరీస్ కారు చవగ్గా దొరికిందని కొన్నారు, అమెరికాలోని మినియాపోలిస్‌లో ఇదే మొదటి చలికాలం, ముందు దేనికి ఖర్చు పెట్టాలని అడిగారు.

టైర్లకే. సమ్మర్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉన్న చలికాలం టైర్లే తీసుకోండి. నాలుగూ ఒకేసారి మార్చాలి, ఎందుకంటే వెనక రెండే మారిస్తే బండి ముందుకు కదులుతుంది కానీ మలుపులో, బ్రేక్ తొక్కినప్పుడు ముందు చక్రాలు మన మాట వినవు.

తర్వాత బ్యాటరీ. డిక్కీలో ఉంటుంది, లోడ్ టెస్ట్, అంటే భారం పడినప్పుడు తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష, చేయించండి. కొత్తది వేయిస్తే కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయమని మెకానిక్‌కి గట్టిగా చెప్పండి, చాలామంది ఇది వదిలేస్తారు, అప్పుడు ఛార్జింగ్ పాత బ్యాటరీ లెక్కనే జరిగి కొత్తది త్వరగా పాడవుతుంది.

ఇంజన్‌ని చల్లబరిచే ద్రవంలో కూలెంట్, నీళ్లు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అద్దం కడిగే నీళ్లు మాత్రం చలికాలానికి తయారైనవే పోయండి, మామూలు నీళ్లు పైపులోనే గడ్డకడతాయి.

రోడ్ల మీద చల్లే ఉప్పు కింది భాగాన్ని తినేస్తుంది, వీలైనప్పుడల్లా అడుగు కడిగించండి.

ఇంకొకటి, దయచేసి మర్చిపోకండి: మంచు కురిసిన పొద్దున ఇంజన్ ఆన్ చేసేముందు వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేయండి, అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.