సీసాలను వరుసపెట్టి అట్టపెట్టెల్లో సర్దే ఆటోమేటిక్ మెషిన్ కొనాలనుకుంటున్నాం. స్పీడ్ ఎంత ఉండాలి?

స్పీడ్ సంగతి తర్వాత. ముందు మీ స్టోర్‌లోకి వెళ్లి అట్టపెట్టెల కట్టలు ఎక్కడ, ఎలా పెట్టారో చూడండి. ప్యాకింగ్ లైన్ మెయింటెనెన్స్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాడిగా చెప్తున్నాను, మెషిన్ ఆగిపోయిన ప్రతిసారీ అందరూ మెషిన్‌నే తిడతారు. తప్పు చాలాసార్లు అట్టది.

మా దగ్గర సీసాలను చేత్తో పెట్టెల్లో సర్దే పద్ధతి తీసేసి, పెట్టె తెరిచే మెషిన్, సీసాలు దింపే మెషిన్ పక్కపక్కనే పెట్టారు. బాగానే నడిచింది. ముసురు పట్టింది, ఇక మొదలు. గాలి పీల్చి అట్టను పట్టుకునే రబ్బరు కప్పులు (సక్షన్ కప్పులు) మడత అట్టను పట్టి లాగితే అది చక్కగా పెట్టెలా విచ్చుకోవాలి. మాది సగం విచ్చుకుని, ఒక పక్కకు ఒరిగి, అలాగే ఉండిపోయేది. ఎర్ర లైటు, హారన్. తీసి పారేసి రీసెట్ నొక్కితే కాసేపటికి మళ్లీ అదే. మెషిన్ అమ్మినవాళ్ల ఇంజనీరు లాప్‌టాప్ తగిలించి వ్యాక్యూమ్ టైమింగ్ మార్చాడు, కప్పులు మార్చాడు, సెన్సర్ కూడా మార్చాడు. ఫలితం సున్నా.

అంతకుముందు చేత్తో ప్యాకింగ్ చేసిన ఒకావిడ అప్పుడు లైన్ చివర ఉండేది. ఆమె వచ్చి, పారేసిన అట్టల్లోంచి ఒకటి తీసి టేబుల్ మీద పరిచింది. రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి. "ఇలాంటివి మేం మోకాలితో ఒక్కటి తట్టి తెరిచేవాళ్లం సార్. దీనికి మోకాలు లేదు కదా" అంది. వెళ్లి చూస్తే కట్టలన్నీ గోడవార నేల మీదే ఉన్నాయి, అడుగు కట్టలు చెమ్మ పీల్చి మెత్తబడ్డాయి. కట్టలను ప్యాలెట్ల (సరుకు నేలకు తగలకుండా పెట్టే చెక్క పీటలు) మీదికి ఎక్కించి, వాడేదాకా కవర్ విప్పకుండా ఉంచాం. మడత గీతలు ఇంకాస్త లోతుగా నొక్కమని అట్టలు చేసేవాళ్లకు చెప్పాం. గోల తగ్గింది.

మనిషి చేతులు చేసే ఇలాంటి సవరింపులు ఏ కొటేషన్‌లోనూ ఉండవు. డెమోలో వాళ్లు వాడేది ఏరి తెచ్చిన అట్ట, ఏరి తెచ్చిన సీసా. అది చూసి అడ్వాన్స్ ఇవ్వకండి, మీ సరుకుతోనే నడిపి చూపించమనండి. సీసాలు పారదర్శకంగా ఉంటే ఈ మాట మరీ గట్టిగా అడగాలి. మామూలు ఫొటో సెన్సర్ వెలుతురు సీసా గుండా దూసుకుపోతుంది, ఎదురుగా ఉన్న సీసా దానికి కనిపించదు. లెక్క తప్పుతుంది.

ఇక అలారాలు. ఇంత డబ్బు పోసి కొన్న మెషిన్ స్క్రీన్ మీద ఒక నంబరు చూపించి ఊరుకుంటుంది. దాని అర్థం వెతకడానికి పుస్తకం తెరవాలి, ఆ పుస్తకం ఆఫీసు బీరువాలో ఉంటుంది, తాళం ఉన్నవాడు నైట్ షిఫ్ట్‌లో ఉండడు.

స్పీడ్ అడిగారు కాబట్టి: లైన్ మొత్తానికి వేగం సీసాలు నింపే ఫిల్లింగ్ మెషిన్‌ది. ప్యాకర్ దానికంటే కొంచెం ఎక్కువ వేగంతో నడవగలిగితే చాలు, ఆగినప్పుడు పోగుపడిన సీసాలను తర్వాత అందుకుంటుంది. మధ్యలో అవి ఆగడానికి ఒక పెద్ద టేబుల్ ఉండాలి. నా లెక్కలో అదనపు స్పీడ్ మీద పెట్టే డబ్బు ఆ టేబుల్ మీద పెడితే ఎక్కువ లాభం. సీసా సైజులు తరచూ మారుస్తుంటే, సీసాలు పక్కకు పోకుండా ఆపే కడ్డీలు (గైడ్ రెయిల్స్) స్పానర్ లేకుండా జరిగేవి తీసుకోండి.

మీరు అడగలేదు గానీ ప్యాలెట్ మీద పేర్చే మెషిన్ కూడా కొంటారేమో, దాని గురించి ఒక మాట. పెట్టెలను ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేర్చే ప్రోగ్రామ్ చూడ్డానికి గట్టిగా అనిపిస్తుంది. కానీ అట్టపెట్టెలో బరువు మోసేవి ప్రధానంగా నాలుగు మూలలు. మూల మీద మూల రాకపోతే కింది వరుస నలుగుతుంది. నిలువుగా పేర్చి చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించమంటాను నేను. జారిపోతాయంటారు మా స్టోర్ వాళ్లు. ఈ విషయంలో మాకు ఇప్పటికీ పడదు.