రెండో తరగతి పాపకు రోజూ రెండు గంటల హోంవర్క్.. కడుపునొప్పి అందుకేనా?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. మా పాపకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతోంది. స్కూలు బస్సు దిగేసరికి నాలుగున్నర అవుతుంది. ఇంగ్లిష్, లెక్కలు, కన్నడ, హిందీ హోంవర్క్ పూర్తిచేయడానికి రెండు గంటలు పడుతోంది. పడుకునేసరికి పదిన్నర. మళ్లీ ఆరింటికి లేపాలి. రెండు నెలలుగా పుస్తకాలు తీయగానే కడుపునొప్పి అంటోంది. ఆదివారం రాత్రి మరీ ఎక్కువ. ఈ మధ్య రెండుసార్లు పక్క కూడా తడిపింది. ఈమాత్రం చదివించకపోతే వెనకబడిపోతుందని మావారు అంటున్నారు. ఈ వయసులో హోంవర్క్ ఎంత ఉండాలి?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందుగా ఒక మాట. మీ పాప చెబుతున్న నొప్పి నిజమైనదే. ఆందోళన కలిగినప్పుడు పేగుల కదలికల్లో మార్పు వస్తుంది, మామూలుగా తెలియని చిన్న కదలికలు కూడా నొప్పిగా అనిపిస్తాయి. అందువల్ల చదువు ఎగ్గొట్టడానికి సాకు చెబుతోందని కోప్పడవద్దు. పుస్తకాలు తీసినప్పుడు, ఆదివారం రాత్రి నొప్పి ఎక్కువవుతోందన్న మీ వివరణను బట్టి ఒత్తిడే కారణం కావచ్చని అనిపిస్తోంది. అయితే పరీక్షించకుండా ఆ నిర్ణయానికి రావడం సరికాదు.

ఈ వయసు పిల్లల్లో కడుపునొప్పికి చాలా తరచుగా కనిపించే కారణం మలబద్ధకం. బడిలో మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేక సాయంత్రం దాకా ఆపుకొనే పిల్లలు ఎందరో ఉంటారు, నీళ్లు కూడా తక్కువ తాగుతారు. మలబద్ధకం వల్ల మూత్రాశయంపై ఒత్తిడి పడి పక్క తడిపే అవకాశమూ ఉంది. చాలాకాలంగా మానేసిన బిడ్డ మళ్లీ పక్క తడుపుతుంటే మూత్రపరీక్ష చేయించి ఇన్ఫెక్షన్, చక్కెర ఉన్నాయేమో తప్పకుండా చూడాలి. దాహం, మూత్రం బాగా పెరిగితే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించండి. నొప్పితో నిద్రలోంచి లేవడం, బరువు తగ్గడం, మాటిమాటికీ వాంతులు, జ్వరం, మలంలో రక్తం, బొడ్డు దగ్గర కాకుండా ఒక పక్కనే నొప్పి ఉండటం వంటివి కనిపిస్తే ఒత్తిడి అనుకుని ఆలస్యం చేయకూడదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, రెండో తరగతికి రాతపూర్వకమైన హోంవర్క్ అవసరం లేదు. కేంద్ర విద్యాశాఖ 2020లో విడుదల చేసిన స్కూల్ బ్యాగ్ విధానం ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ వద్దని స్పష్టంగా చెబుతోంది. మూడు నుంచి ఐదో తరగతి వరకు కూడా అది వారానికి రెండు గంటలకు మించకూడదు. అంటే మీ పాప ఒక్క సాయంత్రంలో చేస్తున్న పని, ఆమెకన్నా పెద్ద పిల్లలకు వారం మొత్తానికి సరిపోయేది. అంతకుముందు 2018లో మద్రాస్ హైకోర్టు కూడా సీబీఎస్‌ఈ బడుల్లో ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వరాదని ఆదేశించింది. అమెరికాలో తరగతికి పది నిమిషాలన్న లెక్క ప్రచారంలో ఉంది. దాని ప్రకారం చూసినా రెండో తరగతికి అన్ని సబ్జెక్టులూ కలిపి ఇరవై నిమిషాలే. హోంవర్క్‌పై జరిగిన అధ్యయనాలను డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హారిస్ కూపర్ బృందం 2006లో కలిపి పరిశీలించినప్పుడు, పై తరగతుల్లో కనిపించిన ప్రయోజనం ప్రాథమిక తరగతుల్లో చాలా బలహీనంగా ఉన్నట్లు తేలింది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. పదిన్నరకు పడుకుని ఆరింటికి లేస్తే ఏడున్నర గంటలే అవుతుంది. కనీస అవసరానికే ప్రతి రాత్రి గంటన్నర తక్కువ పడుతున్న బిడ్డకు మర్నాడు తరగతిలో మనసు నిలవదు, చిన్న మాటకే ఏడుపు వస్తుంది, ఇరవై నిమిషాల్లో అయ్యే లెక్కలకు గంట పడుతుంది, దాంతో ఆ రాత్రి నిద్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. కాబట్టి హోంవర్క్ ఎంత అన్న లెక్కను నిద్ర దగ్గర మొదలుపెట్టండి. తొమ్మిదింటికల్లా, వీలైతే ఎనిమిదిన్నరకే పాప పడుకోవాలి. భోజనం, స్నానం, ఆట పోగా మిగిలిన సమయంలోనే చదువు ఇమడాలి. బస్సు దిగగానే ఏదైనా తినిపించి వెంటనే ఆరుబయటికి పంపండి. డిసెంబరులో బెంగళూరులో ఆరింటికే చీకటి పడుతుంది, హోంవర్క్ అయ్యాక ఆడుకోమంటే ఆ పగటి వెలుతురు మళ్లీ దొరకదు. రోజుకు గంటసేపు ఒళ్లు అలిసేలా కదలడం పిల్లలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరుబయటి వెలుతురులో గడిపే సమయం హ్రస్వదృష్టి (దూరంలో ఉన్నవి మసకగా కనిపించడం) ముప్పును కూడా తగ్గిస్తుంది.

మీ పాప ఒకేసారి మూడు లిపులు నేర్చుకుంటోంది. ఎక్కువ భాషలు నేర్చుకోవడం వల్ల పిల్లల మెదడుకు హాని జరగదు, ఆ భయం మీకు అక్కర్లేదు. భారమల్లా సాధారణంగా ఒక్కో పాఠాన్ని మూడేసి సార్లు చూసి రాయించడంలోనే ఉంటుంది. ఏడేళ్లకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్లు త్వరగా అలసిపోతాయి. అలసిన చెయ్యి అక్షరాన్ని గీస్తుందే తప్ప మనసు దాన్ని పట్టుకోదు. అపార్ట్‌మెంట్‌లో కన్నడ మాట్లాడే పిల్లలతో గంటసేపు ఆడుకుంటే రెండు పేజీల కాపీ రాతకన్నా ఎక్కువ కన్నడ వస్తుందని నా గట్టి నమ్మకం.

మీవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. సొంత ఊరు విడిచి వచ్చిన తల్లిదండ్రులకు బిడ్డ చదువు మీద ఆరాటం ఉండటం సహజం. దానికి మంచి మార్గం ఉంది. రోజూ రాత్రి పదిహేను నిమిషాలు ఆయనే పాపను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో గానీ ఇంగ్లిష్‌లో గానీ కథ చదివి వినిపించి, తర్వాత ఏం జరుగుతుందో ఊహించమని అడగాలి. కూరగాయల కొట్టులో చిల్లర లెక్కపెట్టమనడం కూడా లెక్కలే.

బడితో మాట్లాడేటప్పుడు ఫిర్యాదు ధోరణి వద్దు. రెండు వారాలపాటు ఏ హోంవర్క్‌కు ఎంతసేపు పట్టింది, ఎన్ని గంటలకు నిద్రపోయింది, నొప్పి ఎప్పుడు వచ్చింది అన్నది రాసిపెట్టి టీచరుకు చూపండి. ఈలోగా ఇరవై నిమిషాలు కాగానే ఆపించి, మిగిలింది ఎందుకు ఆపారో డైరీలో మీరే రాసి సంతకం చేయండి. ఆ మిగిలినదాన్ని మీరు రాసిపెట్టకండి, అలా చేస్తే పాపకు ఏది కష్టమవుతోందో టీచరుకు తెలియకుండా పోతుంది.

అదే తరగతిలోని మిగతా పిల్లలకు ఎంతసేపు పడుతోందో వారి తల్లులను అడగండి. వాళ్లు అరగంటలో ముగించే పనికి మీ పాపకు మాత్రమే రెండు గంటలు పడుతుంటే, చూపు, వినికిడి, రక్తహీనత, ఏకాగ్రత అన్నీ పరీక్షించాలి. చదవడంలో, రాయడంలో ప్రత్యేక ఇబ్బంది ఉందేమో అన్నది సాధారణంగా ఎనిమిదేళ్ల వయసులో, మూడో తరగతిలో నిర్ధారిస్తారు. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ఈ పరీక్షలు చేస్తుంది. నిర్ధారణ అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద బడిలో తగిన సదుపాయాలు కోరవచ్చు. ప్రస్తుతానికి ఈ వారంలోనే మూత్రపరీక్ష చేయించి, మీ పిల్లల డాక్టరును కలవండి. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న వివరాలతో పాటు పాప నోటుపుస్తకాలు కూడా వెంట తీసుకెళ్లండి.