విల్లు పిడి తోలు కుట్టడానికి తగిన దారం: సమాధానం

రాయగడ మిత్రులకు నమస్కారం. విల్లు పిడికి చుట్టిన తోలును నూలు దారంతో కుట్టగా వానాకాలం ముగిసేసరికి కుట్లు తెగిపోయాయనీ, ఈసారి నైలాన్ వాడాలా, తోలు పట్టీ వాడాలా అనీ అడిగారు. చెమట, తేమ వదలని చోట నూలు చీకిపోవడం సహజమే. నైలాన్ చీకదు గాని లాగితే సాగుతుంది. అందువల్ల మైనం పూసిన పాలిస్టర్ దారమే నేను ఎంచుకుంటాను. సుమారు 1 మిల్లీమీటరు లావు చాలు, మరీ సన్ననిదైతే పలుచని మేకతోలును కోసేస్తుంది. చెప్పుల సామాను అమ్మే దుకాణాల్లో అడగండి. పర్లాకిమిడిలో మేము అక్కడే కొంటాము. తోలు పట్టీ ముచ్చటగానే ఉంటుంది కాని వేళ్లకు ఎత్తుగా తగులుతుంది.

నిజానికి దారం కంటే తోలు కొలతే ముఖ్యం. పిడి చుట్టూ తిప్పినప్పుడు అంచుల మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం మిగిలేలా కత్తిరించి, అంచుకు 4 మిల్లీమీటర్ల లోపల రెండు వైపులా సమాన సంఖ్యలో రంధ్రాలు పొడిచి, ఆ తరువాతే తోలును తడిపి, ఒకే దారం రెండు కొనలకూ సూదులు ఎక్కించి, బూటు లేసు వలె అడ్డంగా మారుస్తూ బిగిస్తే, ఎడం మూసుకుపోయి, ఆరిన తరువాత తోలు పిడిని గట్టిగా పట్టుకుంటుంది. తంగేడు బెరడుతో పదును చేసిన (ఊనిన) తోలైతే తడిగా ఉన్నప్పుడు ఇనుప ఆరె (తోలుకు రంధ్రాలు పొడిచే పనిముట్టు) తగలనీయకండి, నల్లటి మచ్చలు పడతాయి. కుట్టు వరుస అరచేతి వైపు కాక లక్ష్యం వైపు ఉండాలి. చివర ముడివేసి, దారపు కొనను అగ్గిపుల్లతో కరిగించి, తోలు కిందికి నెట్టండి.